కిటికీలు తెరుచుకునే విమానం

వానాకాలంలో లాండ్రీ నడిపేవాళ్ల అవస్థ పగవాళ్లకి కూడా వద్దు. ఉతకడానికి యంత్రం ఉంది, ఇస్త్రీకి కరెంటు ఉంది, ఆరడానికి మాత్రం ఎండ కావాలి. ఆ ఎండేమో చాలా రోజులుగా మొహం చాటేసింది. అందుకని, వీధి వీధంతా వదినా అని పిలిచే ఆ లాండ్రీ ఇల్లాలు రోజూ పొద్దున్నే తడిబట్టల బుట్ట చంకనేసుకుని మేడ మీది గదికి ఎక్కుతుంది. గోడకీ గోడకీ కట్టిన తాళ్ల మీద దుప్పట్లు పరుస్తుంది, క్లిప్పులు పెడుతుంది, తర్వాత కుర్చీలో సర్దుకుని కూర్చుని విమానం లేపుతుంది.

విమానమంటే కంప్యూటర్లోదే. వదిన భర్త ఏసీ మెకానిక్. పెళ్లికి ముందునుంచీ ఆయనకి విమానాల పిచ్చి. పాత తలుపుచెక్కని బల్లగా మార్చి, దాని మీద మూడు తెరలు, ఒక స్టీరింగు, కాళ్ల కింద రెండు పెడళ్లు బిగించుకున్నాడు. తెర మీద విమానం ఎగిరినంతసేపూ ఆ గదిలోకి ఆ ఎత్తులో వీచే గాలే వస్తుంది. కొండల మీద ఎగిరితే కొండగాలి, సముద్రం మీద ఎగిరితే ఉప్పుగాలి. మొదట్లో ఎప్పుడో ఎదురింటి టైలరు, మీ మేడ మీద గాలి బాగా ఆడుతుందే అన్నాడు. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు. కొందరి ఇళ్లలోకి ఎలకలు వస్తాయి, కొందరి ఇళ్లలోకి గాలి వస్తుంది.

మెకానిక్ గారికి ఇష్టమైనది నాలుగింజన్ల పెద్ద జెట్టు. అది లేపితే గది కిటికీలు బిగుసుకుపోతాయి, చెవులు దిబ్బళ్లు పడతాయి, ఎవరో అప్పటికే పీల్చి వదిలినట్టుండే చల్లగాలి వస్తుంది. దుప్పట్లు ఆరవు సరికదా ముక్కిన వాసన కొడతాయి. పైగా ఒకసారి ఆయన సముద్రం మధ్యలో ఉండగా ఎవరిదో ఏసీ పాడైందని ఫోనొస్తే, కంప్యూటరు మీట ఆపేసి వెళ్లిపోయాడు. గది ఆ ఎత్తులోనే ఉండిపోయింది. ఆయన తీరిక చేసుకుని మళ్లీ కూర్చుని, ఆ జెట్టుని ఏదో ఊళ్లో దింపేదాకా తలుపు తీస్తే ఇంజన్ల మోతే. బల్ల మీద పెట్టిన నీళ్లసీసా గడ్డకట్టుకుపోయింది. లేపినదాన్ని దింపకుండా కరెంటు ఆపకూడదని అప్పుడే ఇంట్లో కట్టుబాటు ఏర్పడింది.

ఈ మధ్య కంప్యూటర్లోకి కొత్త విమానం ఒకటి వచ్చింది. ముందర ఒకే పంకా, రెక్కలు నెత్తిమీద, లావుపాటి టైర్లు, ఇద్దరికి చోటు. దాని వేగం చూసి మెకానిక్ గారు, దీనికంటే నా మోటారు సైకిలు నయం అని నవ్వాడు. వదినకి మాత్రం ప్రాణం లేచొచ్చింది, ఎందుకంటే దాని కిటికీలు తెరుచుకుంటాయి. అద్దాలు పైకెత్తి కొక్కేనికి తగిలించుకుని, ఎండుగడ్డి మైదానాల మీద నింపాదిగా పోవచ్చు. గది కిటికీలన్నీ బార్లా తెరుచుకుంటాయి, ముందునుంచి దూరిన పొడిగాలి దుప్పట్లని వెనక్కి ఎగరేస్తూ పోతుంది. ఒక్క పూటలో అన్నీ ఫెళఫెళలాడతాయి. కొట్టుకి వచ్చినవాళ్లందరి దగ్గరా ఆమె ఆ విమానాన్ని తెగ పొగిడేది. టైలరైతే తడిసిన కోటు గుడ్డ కూడా తెచ్చి ఒక మూల వేలాడదీసుకుపోయేవాడు.

ఒక్కటే లోటు. వదినకి లేపడం వచ్చు, తిన్నగా పోనివ్వడం వచ్చు, దింపడం రాదు. నేర్చుకుందాం నేర్చుకుందాం అంటూ వాయిదా వేసింది. మెకానిక్ గారు మధ్యాహ్నం భోజనానికి వచ్చి, కంచం పెట్టేలోపు దాన్ని దింపి వచ్చేవాడు.

దింపడం చదువుకున్న మనిషి ఆ ఇంట్లో ఇంకొకరున్నారు కానీ ఆ పిల్ల దగ్గర ఆ మాట ఎత్తకూడదు. మెకానిక్ చెల్లెలు. చిన్నప్పుడు కనిపించిన గోడ మీంచల్లా దూకేది కాబట్టి పిచ్చుక అని పేరు పడింది. పెద్దయ్యాక నిజం విమానాలు నడపడం నేర్పే స్కూల్లో చేరింది. బాగానే నేర్చుకుంది. ఒకరోజు గాలి పక్కనుంచి కొడుతుండగా దింపుతూ, విమానం ముక్కు వంకరగా ఉండగానే చక్రాలు నేలకి తగిలించింది. విమానానికి ఒక చక్రం విరిగింది, పక్కన కూర్చున్న మాస్టారికి భుజం ఎముక విరిగింది, తనకి మాత్రం గీత కూడా పడలేదు. అదే పిచ్చుకని ఎక్కువ బాధపెట్టింది. పెట్టె సర్దుకుని ఇంటికొచ్చి కింద లాండ్రీలో కూర్చుంది. మేడ మెట్టు ఎక్కలేదు.

భుజం అతుక్కున్నాక మాస్టారే ఫోన్ చేశాడు. సోమవారం పరీక్ష ఉందని, తనే పక్కన కూర్చుంటానని, ఈసారి రాకపోతే పేరు కొట్టేస్తారని చెప్పాడు. పిచ్చుక ఆయనకి సరే అనలేదు, కాదనీ అనలేదు. ఇంట్లో మాత్రం వెళ్లనని తేల్చేసింది. టికెట్ల కౌంటర్లో ఉద్యోగం చూసుకుంటానంది.

పోనీలే, బలవంతం దేనికి అంది వదిన. ఎంత మంచి వదినో అనుకున్నారు అందరూ. నిజానికి పిచ్చుక వచ్చిన దగ్గర్నుంచీ కొట్లో పొద్దు ఎలా పోతోందో వదినకి తెలియడం లేదు. చొక్కా కాలరు మీది మరక చూసి పిచ్చుక దాని సొంతదారు జాతకం చెప్పేది, ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వేవాళ్లు. పిల్లలు లేని ఆ ఇంట్లో అంత నవ్వు అంతకుముందు లేదు. ఈ పిల్ల ఇక్కడే ఉండిపోతే బాగుండునని వదినకి ఉంది. ఉందని తనకి తెలుసు, అందుకే రాత్రిళ్లు సరిగ్గా నిద్ర పట్టడం లేదు.

పరీక్షకి మూడు రోజుల ముందు నర్సింగ్ హోమ్ నుంచి కంబళ్లు వచ్చాయి. రాత్రికల్లా కావాలన్నారు. తడిసిన కంబళి ఒక్కొక్కటీ ఒక మనిషంత బరువుంది. వదిన వాటిని తాళ్ల మీద వేసి, మామూలు కంటే ముందే విమానం లేపింది. మధ్యాహ్నం దాటింది, మెకానిక్ గారు రాలేదు. పొరుగూళ్లో కోల్డ్ స్టోరేజీ చెడిపోతే బాగుచేయడానికి వెళ్లాడు, భోజనం కూడా అక్కడే. ఆ సంగతి పొద్దున్న చెప్పే వెళ్లాడు. క్లిప్పులు వెతుక్కునే హడావుడిలో వదిన ఊ కొట్టి ఊరుకుంది.

పెట్రోలు ముల్లు ఎర్రగీత దగ్గరికి వచ్చింది. వదిన ఫోన్ చేసింది. దగ్గర్లో రన్‌వే ఉందా అని అడిగాడాయన. ఉందంది. "మరి ఇంట్లో పైలట్ని పెట్టుకుని నన్నడుగుతావేంటి?" అన్నాడు. అన్నాక తను ఏమన్నాడో తనకే తట్టినట్టుంది. తర్వాత, నేను రావాలంటే చీకటి పడిపోతుంది అని మెల్లగా చెప్పాడు.

దింపకుండా ఆపితే గది పైనే ఉండిపోతుందని అందరికీ తెలుసు. పెట్రోలు అయిపోయి పడితే ఏమవుతుందో మాత్రం ఎవరికీ తెలియదు. గది ఒక్కటే పడుతుందా, ఇల్లంతా పడుతుందా? కింద ఊరందరి బట్టలూ ఉన్నాయి, పిచ్చుకా ఉంది.

వదిన స్టీరింగు కదలకుండా తాడేసి కట్టి, మెట్ల దాకా వచ్చి ఆగిపోయింది. పిలిస్తే, వచ్చి సరిగ్గా దింపితే, ఈ పిల్ల సోమవారం వెళ్లిపోతుంది. వచ్చి కూలిస్తే ఇక జన్మలో కోలుకోదు. రెండూ వదినకి భయంగానే ఉన్నాయి. అయినా పిలిచింది.

"పిచ్చుకా, ఒక్కసారి పైకి రా. పెట్రోలు అయిపోవస్తోంది."

కింద ఇస్త్రీపెట్టె చప్పుడు ఆగింది.

"అన్నయ్య రాలేదా?"

"రాడట."

"నా వల్ల కాదు వదినా. నీకు తెలుసు కదా."

"సరే, నువ్వు పక్కన కూర్చుని చెప్పు. నేనే దింపుతాను."

ఆ మాట వదిన మనస్ఫూర్తిగానే అంది, అందులో ఎత్తుగడ ఏమీ లేదు. పిచ్చుక ఒక్కో మెట్టూ ఎక్కి వచ్చి స్టూలు మీద కూర్చుంది. ఎడమకి తిప్పమని చెప్పింది. వదిన తిప్పిన తిప్పుడికి గది మొత్తం ఒరిగి, ఖాళీ బుట్ట ఈ గోడనుంచి ఆ గోడదాకా జారిపోయింది. పిచ్చుక కళ్లు గట్టిగా మూసుకుని, మళ్లీ తెరిచింది.

"లే వదినా. ఆ కుర్చీ ఇటివ్వు."

వదిన లేచింది. పిచ్చుక కూర్చుని, కాళ్లు పెడళ్ల మీద పెట్టింది. రన్‌వే కనిపించింది, పొలాల మధ్య మట్టిదారి లాంటిది. విమానం ముక్కు కాస్త ఎడమకి తిప్పి, గాలికి కొట్టుకుపోకుండా, ఏటవాలుగా దాని మీదికి దిగసాగింది. కంబళ్లు ఇంకా తిన్నగా వెనక్కే ఎగురుతున్నాయి.

"పక్కగాలే," అంది పిచ్చుక. "నేల తగిలే ముందు ముక్కు తిన్నగా చెయ్యాలి వదినా. చెయ్యగానే గాలి పక్కనుంచి తోస్తుంది. ఎంత తోస్తే అంత, గాలి వచ్చే వైపు రెక్క వంచాలి. ఆరోజు ఎంత తోస్తుందో నాకు తెలియలేదు. భయమేసి కాలు కదపలేదు."

వదినకి ఇందులో అర్థమైంది తక్కువ. అర్థమైనంతలో జవాబు చెప్పింది.

"ఇక్కడ నీకు తెలుస్తుందిలే. తోస్తే ఆ కంబళి వచ్చి మొహానికి కొడుతుంది."

పిచ్చుకకి నవ్వొచ్చింది. నవ్వుతూనే కుడికాలు నొక్కింది. ముక్కు తిన్నగా అయింది, ఎడమ కిటికీలోంచి గాలి ఒక్కసారిగా దూరి, పక్క తాడు మీది కంబళిని తెచ్చి ఆమె ఎడమ చెంపకి ఒత్తింది. కంబళి ఎంత ఒత్తిందో అంత రెక్క వంచింది పిచ్చుక. కాస్త వదులైంది, కాస్త తగ్గించింది. ముందు ఎడమ చక్రం నేలని తాకింది, తర్వాత కుడిది, తర్వాత తోక. కింద కొట్లో హేంగర్లు ఒకదానికొకటి తగిలి గలగలమన్నాయి. కిటికీల్లోంచి మట్టి వాసన వచ్చింది.

వదినకి ఏడుపొచ్చింది. సంతోషం, బెంగ రెండూ ఒక్కసారే వచ్చాయి. కొంగుతో కళ్లు తుడుచుకుని, ఆరిన కంబళ్లకి క్లిప్పులు తీయసాగింది.

"ఇదొక్కటీ ఉంచు వదినా," అంది పిచ్చుక, చెంప పక్కనున్న కంబళి పట్టుకుని. "మిగతావి తీసుకుపో. పెట్రోలు నింపుకుని మళ్లీ లేపుతాను."

"ఇంకా దేనికి?"

"సోమవారం అక్కడ కంబళి ఉండదు. చీకటి పడేదాకా దింపుతూ ఉంటే, అది లేకపోయినా చెంపకి తెలుస్తుంది."

వదిన మిగతా కంబళ్లన్నీ బుట్టలోకి తోసుకుంది. తలుపు దాకా వెళ్లి వెనక్కి తిరిగింది.

"బండి ఎన్నింటికి?"

"సోమవారం తెల్లారగట్ల."

"అయితే నీ బట్టలు ఇవాళే ఇచ్చెయ్యి. ఆఖరి నిమిషంలో ఇస్త్రీ అంటే నేను చెయ్యను."

కిందికి వచ్చి బుట్ట దించి, మొదటి కంబళి విప్పింది. పెద్ద కంబళి మడతపెట్టాలంటే ఇద్దరుండాలి. ఇన్నాళ్లూ అవతలి రెండు కొసలూ పిచ్చుక పట్టుకునేది, మడత మడతకీ ఎదురొచ్చి ఏదో ఒక మాట అని నవ్వించేది. పైన ఇంజను మోత పెరిగి, సన్నబడి, దూరమైంది. కాసేపటికి మళ్లీ దగ్గరైంది. హేంగర్లు గలగలమన్నాయి, ఈసారి కొంచెమే. ఇంకోసారి లేచింది, ఇంకోసారి దిగింది. ఆ దిగడం కొట్లో ఏ హేంగరుకీ తెలియలేదు, వదిన ఒక్కతెకే తెలిసింది. కంబళి రెండు కొసలూ గెడ్డం కింద నొక్కిపెట్టి, మిగతా రెండూ చేతులు చాచి అందుకుని, ఒక్కతే మడతపెట్టింది. వంకరగా వచ్చింది. విప్పి, మళ్లీ మొదలుపెట్టింది.