సోడా నేల, నాలుగు పాదాలు

ఒత్తులూ దీర్ఘాలూ ఎక్కడైనా తప్పిపోయి ఉంటే సర్దుకుని చదవండి. నాకు అక్షరాలు పట్టుబడింది మా ఆయన పోయాక, యాభై తొమ్మిదో ఏట. ఈ నాలుగు కాగితాలు రాయడానికి పదహారు రోజులు పట్టింది. కథ మాత్రం అంత నిదానంగా నడవదు లెండి. ఇందులో ఉన్న వదినకు అంత ఓపిక లేదు.

ఆ వదిన లాండ్రీ నడుపుతుంది. ముందు గదిలో బట్టలు తీసుకునే బల్ల, మధ్య గదిలో ఉతికే తొట్లూ రెండు పెద్ద యంత్రాలూ, వెనక గదుల్లో కాపురం. వెనక నుంచి వీధిలోకి రావాలంటే ఎవరైనా మధ్య గది దాటాల్సిందే. వాళ్లాయన ఉతికిన బట్టలు బండిలో వేసుకుని ఇళ్లకు చేరవేస్తాడు. ఇస్త్రీ మడతలో గీత వంకర పోయినా సహించని మనిషి వదిన. "మా నేల మీద విస్తరి లేకుండా అన్నం పెట్టుకు తినొచ్చు" అని వచ్చిన ప్రతివాళ్లకూ చెప్పేది. చెప్పుకోవడానికి తగ్గట్టే ఆ నేల తెల్లగా మెరిసేది.

ఆ ఇంట్లోనే మరిది కూడా ఉంటాడు. చిన్నతనంలోనే చూపు పోయింది. నాలుగు వీధుల అవతల కుట్టుమిషన్లు బాగుచేసే షాపులో పని. చక్రం ఒక్కసారి తిప్పి చెవి పెట్టి, ఎక్కడ అరిగిందో చెప్పేస్తాడు. అందుకే అతన్ని అందరూ చెవిమేస్త్రి అంటారు. అతన్ని షాపుకు తీసుకెళ్లి తీసుకొచ్చేది ఒక కుక్క. చూపులేనివాళ్లకు దారి చూపేలా కుక్కలకు తర్ఫీదునిచ్చే కేంద్రం వాళ్లు ఐదేళ్ల కిందట ఇచ్చారు. తల ఎత్తి, పక్కచూపు చూడకుండా నడుస్తుందని దానికి పెద్దమనిషి అని పేరు పెట్టింది వదినే.

ఎండలు ముదిరిన రోజుల్లో ఒక పొద్దున మరిది గడప దాటి, పది అడుగులు వేసి, వెనక్కి తిరిగి వచ్చాడు.

"వదినా, వీడు కుంటుతున్నాడు."

"నీకెలా తెలిసింది?"

"పట్టీ పిడి నా చేతిలో ఉందిగా. కుడి వైపు కుంగాల్సిన చోట కుంగట్లేదు."

వదిన గొంతుక్కూర్చుని కుక్క ముందు కాలు ఎత్తి చూసింది. అరికాలి మెత్త అడ్డంగా పగిలి, లోపలి ఎరుపు కనిపిస్తోంది.

"అయ్యో నా తండ్రీ! ఎన్నిసార్లు చెప్పాను, మిట్టమధ్యాహ్నం అన్నానికి ఇంటికి రావద్దని? ఆ తారు పెనంలా ఉంటుంది. నీ కాళ్లకు చెప్పులున్నాయి. దీనికున్నాయా?"

"నిన్న రాలేదు. మొన్నా రాలేదు. డబ్బా పట్టుకెళ్లి అక్కడే తిన్నాను."

"అయితే అటుమొన్న వచ్చుంటావు."

"ఆ, పదేళ్ల కిందట కూడా ఒకసారి వచ్చాను" అన్నాడు మరిది. కానీ ఆ ఎకసెక్కంలో ఎప్పటి హుషారు లేదు. కేంద్రం మేడమ్ ఏటా వచ్చి కుక్కను పరీక్ష చేసి వెళ్తుంది. ఈ ఏడు ఆమె రావడానికి ఇంకా పద్దెనిమిది రోజులే ఉంది. పోయిన ఏడాది పక్క వీధిలో చూపులేని పంతులుగారి కుక్కకు కాళ్లు బాగా లేవని, పని మాన్పించి విశ్రాంతికి తీసుకెళ్లిపోయారు. ఇంకో కుక్క కోసం పంతులుగారు నేటికీ ఎదురుచూస్తూనే ఉన్నారు.

పశువుల డాక్టరమ్మ గోరువెచ్చని నీళ్లతో గాయం కడిగింది. భూతద్దం పెట్టి, గాజుముక్కా ముల్లూ ఏమీ లేవని చూసింది. మందు రాసి, వేళ్ల మధ్య కూడా దూది పెట్టి కట్టు కట్టింది.

"కట్టులో మీ రెండు వేళ్లు దూరాలి. బిగిస్తే పాదం వాస్తుంది. రోజూ మార్చండి. తడి తగలకూడదు. వీణ్ణి కట్టు నాకనివ్వకండి. బయటికి తీసుకెళ్లేటప్పుడు సంచి తొడగండి, లోపలికి రాగానే తీసేయండి. లేకపోతే చెమటకే నానిపోతుంది. పరుగులు వద్దు."

"మా ఇంట్లో శుభ్రానికి లోటుండదు డాక్టరమ్మా" అంది వదిన.

ఆ రోజు నుంచి మరిది వదిన మోచెయ్యి పట్టుకుని షాపుకు వెళ్లసాగాడు. ఆమె కాలు నేల మీద ఆనదు, దారిలో కనిపించిన వాళ్లందరినీ పలకరిస్తుంది, మెట్టు వచ్చిందని మాత్రం మెట్టు దాటాక చెబుతుంది.

"వదినా, నీ చెయ్యి పట్టుకునే కంటే రైలుకు తాడు కట్టి పట్టుకోవడం మేలు."

"ఊరికే తీసుకెళ్తున్నాను కదా, మాటలకేం, వస్తాయి!"

నవ్వుతూనే అన్నా, షాపు ముందు అతను చెయ్యి వదిలే తొందర ఆమెకు తెలుస్తూనే ఉంది. నలభై రెండేళ్ల మగవాణ్ణి వదినగారు బడిలో దింపినట్టు దింపిపోతోందని లోపల కుర్రమేస్త్రీలు నవ్వుతున్నారని అతనూ విన్నాడు. కాకపోతే అతని గుబులు ఆ నవ్వుల గురించి కాదు. రాత్రి పడుకునేటప్పుడు పక్కన చెయ్యి చాపి కుక్క ఉందో లేదో చూసుకునేవాడు.

వదిన సేవలో లోపం చేయలేదు. కట్టు గుడ్డలు తానే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, మడత మీద మడత పేర్చి పెట్టింది. గాయానికి మట్టి తగలకూడదని రోజుకొకసారి కడిగే నేలను మూడుసార్లు కడిగింది. ఆ వేసవి మొదలైనప్పటి నుంచి చేస్తున్నట్టే, తొట్లలో మిగిలిన చాకలి సోడా నీళ్లు వృథా పోనివ్వకుండా అవే పోసి, చీపురుతో గీకి, తడిగుడ్డ పెట్టి ఆరనిచ్చేది.

ఐదో రోజు డాక్టరమ్మ కట్టు విప్పి వేలితో కొట్టి చూసింది. టకటకమంది.

"ఇది కట్టా, అట్టముక్కా?"

"గంజి కొంచెం ఎక్కువైందేమో" అంది వదిన.

"కట్టుకి గంజి పెట్టారా!"

"మా షాపులోంచి గంజి పెట్టకుండా గుడ్డ బయటికి పోదండీ."

డాక్టరమ్మ నవ్వాపుకోలేకపోయింది. తర్వాత మిగిలిన కాళ్లు ఎత్తి చూసేసరికి ఆ నవ్వు పోయింది. మూడు పాదాలూ పొడిబారి, సన్నగా బీటలు వేసి ఉన్నాయి.

"రోడ్డు మీద నడిపించారా?"

"వాకిట్లో పచ్చిక దాకా తప్ప ఎక్కడికీ లేదు. అది కూడా సంచి తొడిగే" అంది వదిన. వెంటనే మరిది వైపు తిరిగింది. "నేను లేనప్పుడు తీసుకెళ్లావా?"

అతను వంగి కుక్క చెవి నిమిరాడు.

"ఎండ కాదిది" అంది డాక్టరమ్మ. "గంజి రాపిడికి ఒక కాలు ఒరుసుకుంటుంది గానీ నాలుగూ పగలవు. వీడు ఇంట్లో దేని మీదో నడుస్తున్నాడు. అదేంటో చూసుకోండి. లేకపోతే నేనెంత మందు రాసినా లాభం లేదు."

ఇంటికి రాగానే మరిది చెప్పులు విప్పి, వెనక గది గుమ్మం దగ్గర మోకాళ్ల మీద కూర్చున్నాడు. అరచేత్తో నేల తడుముకుంటూ మధ్య గది మీదుగా వీధి గుమ్మం దాకా పాకాడు. వదిన కాలు కాలిన పిల్లిలా అటూ ఇటూ తిరిగింది.

"ఏం దొరికింది? గాజుపెంకా?"

అతను వేళ్లు తడి చేసుకుని నేల మీద రాసి, బొటనవేలితో రుద్దుకున్నాడు. "నేల జారుతోందేంటి వదినా?"

"నూనె పడిందేమోననా? నా నేల మీద నూనా!"

"నూనె నాకు తెలీదా? ఇరవై ఏళ్లుగా వేళ్లు దాన్లోనే ఉన్నాయి. ఇది తడిలో జారుతోంది. ఆరితే చర్మం పట్టేస్తోంది."

వదిన వంగి తానూ నేల మీద వేలు రాసి చూసింది. ఆ జారుడు ఆమె ఎరిగిందే. లాండ్రీ పెట్టిన కొత్తలో ఆమె చేతులు అలాగే పగిలి, రాత్రుళ్లు అన్నం కలుపుకోవడానికి కూడా వీల్లేకపోయేది. రబ్బరు తొడుగులు కొనుక్కున్నాక ఆ సంగతే మరిచిపోయింది. ఆమె కాళ్లకు రబ్బరు చెప్పులు, మొగుడికి బూట్లు, మరిదికి తోలు చెప్పులు. ఆ సోడా మీద వట్టి కాళ్లతో తిరిగే ప్రాణం ఇంట్లో ఒక్కటే. కాలు పగిలిందని తెలిశాక, ఒకసారి పోసే సోడా ఆమె మూడుసార్లు పోసింది.

కూలబడిపోయింది వదిన.

"నేనే చేశానురా."

"తెలియక చేశావు."

"నిన్నెన్ని మాటలన్నాను!"

"అవి అలవాటేలే. ఎవరికీ చెప్పను, ఊరుకో. లాండ్రీకి నేలే కదా పరువు."

ఆ పూటే నేలను మంచినీళ్లతో మూడు దఫాలు కడిగారు. మరిది చెయ్యి పెట్టి సరే అన్నాకే ఆపారు. మధ్య గది మీదుగా చెక్కలు పరిచి కుక్కకు దారి వేశారు. అది బయటికి వెళ్లి వచ్చినప్పుడల్లా వదిన గోరువెచ్చని నీళ్లలో పాదాలు ముంచి, వేళ్ల సందులు అద్ది తుడిచేది. అక్కడ పెరిగిన బొచ్చు చిక్కుపడి రాళ్లు ఇరుక్కోకుండా డాక్టరమ్మ కత్తిరించింది. మనుషులు రాసుకునే క్రీములు రాయొద్దనీ, మెత్త మరీ మెత్తబడిపోతుందనీ చెప్పింది. కట్టు గుడ్డలకు ఇక గంజి లేదు. వాటిని మడత పెడుతున్నప్పుడు వదిన మొహం చూసి తీరాలి.

మరిది షాపులో మిగిలిన తోలుతో పెద్దమనిషికి బూట్లు కుట్టాడు. మొదటి జత కాలు పైకెత్తి పట్టుకుని కొలిచాడు. బరువు మోపితే పాదం వెడల్పవుతుంది కాబట్టి అవి ఎక్కలేదు. రెండోసారి కుక్కను కాగితం మీద నిలబెట్టి చుట్టూ గీత గీయించుకున్నాడు. ముందు కాళ్లకు పెద్దవి, వెనక కాళ్లకు చిన్నవి. అవి తొడిగిన మొదటి రోజు పెద్దమనిషి బురదలోంచి లాగినట్టు ఒక్కో కాలూ ఎత్తెత్తి వేస్తుంటే, వదిన మొగుడు బండి దిగడం మానేసి నవ్వాడు.

"కొత్త పెళ్లికొడుకు నడక వచ్చింది వీడికి!"

"మన పెళ్లిలో నువ్వు ఇంతకంటే అన్యాయంగా నడిచావు" అంది వదిన.

పద్దెనిమిదో రోజు కేంద్రం మేడమ్ వచ్చేసరికి బల్ల ముందు ముగ్గురు బట్టలు పట్టుకుని నిలబడి ఉన్నారు. మేడమ్ కుక్క పాదాలు ఒక్కొక్కటే ఎత్తి చూసింది. పగుళ్లు పూడాయి గానీ కొత్త చర్మం గులాబి రంగులో, పల్చగా ఉంది.

"ఏడేళ్లు నిండాయి కదా వీడికి" అంది ఆమె. "ఈ వయసులో నాలుగు పాదాలూ పగలడం మొదలైందంటే ఇక తట్టుకోలేడు. విశ్రాంతికి తీసుకెళ్లిపోవడమే వీడికి మంచిది."

మరిది పట్టీ పిడి గట్టిగా పట్టుకున్నాడు. "వయసు కాదు మేడమ్. నేనే మధ్యాహ్నం పూట ఎండలో తిప్పాను."

మేడమ్ కలం ఆపింది. "అలాగైతే ఇంకా పెద్ద తప్పు. మీకు ఇంకో కుక్కను ఇవ్వాలా వద్దా అన్నది కూడా ఆలోచించాలి."

వదిన చేతిలో ఒకాయన కోటు ఉంది. దాన్ని బల్ల మీద పెట్టింది.

"వాడు అబద్ధం చెబుతున్నాడమ్మా. చెప్పడం కూడా చేతకాదు వాడికి."

"వదినా, ఊరుకో."

"నువ్వూరుకో. ఈ కుక్కకు వయసు మీద పడలేదు, మా వాడు ఎండలో తిప్పలేదు. నేను నేలకు సోడా నీళ్లు పోసి జాడించకుండా వదిలేశాను. నా నేల తెల్లగా ఉందని మెచ్చుకుంటారే అందరూ, ఆ తెలుపే వీడి కాళ్లు కొరికేసింది. గాయమయ్యాక ఇంకా ఎక్కువ పోశాను. కట్టుకు గంజి కూడా పెట్టాను. కావాలంటే డాక్టరమ్మను అడగండి, ఇప్పటికీ నవ్వుతోంది."

కోటాయన గొంతు సవరించుకున్నాడు. "అయితే మా బట్టల్లో కూడా ఆ సోడా..."

"బట్టలు నాలుగుసార్లు జాడిస్తాం బాబూ! జాడించంది నేలనొక్కదాన్నే."

మేడమ్ నవ్వలేదు. మధ్య గదిలోకి వెళ్లి నేల తడిపి వేలితో రాసి చూసింది. చెక్కల దారి చూసింది. డాక్టరమ్మకు ఫోన్ చేసి చాలాసేపు మాట్లాడింది. ఆ తర్వాత పెద్దమనిషిని నీడలో వట్టి కాళ్లతో, ఎండలో బూట్లతో వీధి చివరి దాకా నడిపించి, తాను వెనకే నడిచింది. ఎక్కడా కుంటలేదు. కాగితం మీద అప్పటికే రాసిన ఒక వరుస కొట్టేసి, కొత్తది రాసి, పైకి చదివింది. ఆరు వారాల పాటు పొద్దునా సాయంత్రమే నడక. రోడ్డు మీద చేతి వెనక వైపు ఆనించి ఏడు లెక్కపెట్టేదాకా కాలకుండా ఉంటేనే వట్టి కాళ్లతో నడిపించాలి. కుక్క ఇక్కడే ఉంటుంది.

మరిది వంగి కుక్క మెడలో మొహం దాచుకున్నాడు.

మర్నాడు పొద్దున్నే ఇద్దరూ బయల్దేరారు. మరిది రోడ్డు మీద చెయ్యి పెట్టి, ఏడు లెక్కపెట్టి, లేచి పిడి పట్టుకున్నాడు. కుక్క తల ఎత్తి కదిలింది.

"నువ్వు తోడు వెళ్లవా?" అన్నాడు వదిన మొగుడు.

"ఎందుకు? ఇద్దరున్నారుగా" అంది వదిన. మంచినీళ్ల బకెట్ తీసుకుని, నేల జాడించడానికి లోపలికి వెళ్లింది.

ఇస్త్రీ పిన్ని, అరవై నాలుగేళ్లు. ఇప్పుడు ఉంటున్నది ఆ లాండ్రీ పైన, మెట్లకు ఎడమ పక్క గదిలో.