మిరియానికి పడనిదేమిటి

దేవకుమారి కుట్టుమిషను ఆపినా వసారాలో చప్పుడు ఆగేది కాదు. మెట్టు పక్కన పడుకుని మిరియం గోక్కుంటూ ఉండేది. గోకినప్పుడల్లా వెనకకాలు గచ్చుకి తగిలి టకటకమనేది. గోకడం అయ్యాక పాదాలు నాకేది, నాకడం అయ్యాక చెవులు విదిలించేది. కాసేపటికి మళ్లీ గోకుడు.

మిరియం నల్లటి ఆడకుక్క. నాలుగేళ్ల కిందట దేవకుమారి భర్త జ్ఞానయ్య, కలిదిండి దగ్గర తను పనిచేసే రొయ్యల చెరువు గట్టు మీద దొరికిన పిల్లని తువ్వాలులో చుట్టుకుని ఇంటికి తెచ్చాడు. అరచేతిలో మిరియపు గింజలా ఉందని దేవకుమారి ఆ పేరు పెట్టింది. రోజూ పొద్దున అతని వెంట చెరువుకి వెళ్లొచ్చేది. రెండేళ్లు బాగానే ఉంది. ఆ తరవాత పట్టుకుంది దురద. చెవుల్లోంచి పులిసిన వాసన వచ్చేది. పొట్ట కింద బొచ్చు ఊడిపోయి చర్మం మందంగా, ముడతలుగా తేలింది.

చెయ్యని వైద్యం లేదు. వేపాకూ పసుపూ నూరి పూసింది. ఊళ్లో సూది వేయిస్తే పదిహేను రోజులు హాయిగా నిద్రపోయేది, పదహారో రోజు మళ్లీ మామూలే. ఎవరో చెప్పారని జ్ఞానయ్య చెరువు దగ్గర జనరేటరులోంచి తీసిన నల్లనూనె పట్టుకొచ్చి ఒళ్లంతా రాశాడు. పొక్కులొచ్చి మూడు రోజులు కూడు ముట్టలేదది. అప్పట్నుంచి అతను దాని వంక సూటిగా చూడలేకపోయేవాడు.

జాకెట్లు కుట్టించుకునేవాళ్లు వసారా ఎక్కడం మానేశారు. గుమ్మం అవతలే నిలబడి, చెయ్యి చాచి గుడ్డ ఇచ్చి వెళ్లేవారు. ఒక సాయంత్రం అన్నం ముందు కూర్చుని జ్ఞానయ్య అన్నాడు:

"కుమారీ, దీన్ని చూడలేకపోతున్నానే. దూరంగా ఏ చెరువు మీదో వదిలేద్దాం. గట్టున పడుంటుంది."

"గట్టున ఉంటే దురద పోతుందాండీ?"

"మన కంటికి కనపడదు కదా."

"మీ కంటికి కనపడదు. దాని ఒంటికి ఉంటుంది," అంది దేవకుమారి. కంచం తీసేసి, పెట్టెలోంచి పాత దుప్పటి ఒకటి వెతికి పక్కన పెట్టుకుంది.

తెల్లారి ఏలూరు బస్సు కండక్టరు కుక్కని ఎక్కించుకోనన్నాడు. ఆటో మాట్లాడుకుంది. సీటు మీద దుప్పటి పరిచి, మిరియాన్ని ఒళ్లో పెట్టుకుని కూర్చుంది. కైకలూరు దాటాక కొల్లేరు మీది వంతెన ఎక్కేసరికి నీళ్లగాలి తగిలి మిరియం తల ఎత్తింది. కొంగల్ని చూస్తూ కాసేపు గోక్కోవడం మర్చిపోయింది. అది చూసి దేవకుమారికి ధైర్యం వచ్చింది.

ఏలూరులో పశువుల డాక్టరు పేరు గీతాంజలి. ముప్పై దాటని మనిషి. చెవుల్లో దీపం వేసి చూసింది. చర్మం మీద కొద్దిగా గీకి, గాజుపలక మీద పెట్టి పరీక్ష చేసింది. తొందరపడలేదు.

"పురుగు కాదండీ. పైన బూజులాంటి ఇన్ఫెక్షన్ ఉంది, దానికి మందిస్తాను. కానీ అది ఎందుకొస్తోందో కనిపెట్టకపోతే మందు ఆపగానే మళ్లీ వస్తుంది. ఇదేం తింటుంది?"

"మేము తినేదేనండీ. అన్నం, చేపలు, గుడ్డు, ఎప్పుడైనా కోడికూర. వీధిలో కూడా అందరూ పెడతారు."

"ఎప్పుడూ తిననిది ఏమన్నా ఉందా?"

దేవకుమారి ఆలోచించింది. "మేక మాంసం. మేమే పండక్కి గానీ తినం."

"అయితే అదే పెట్టండి. తినేవాటిలో ఏది పడట్లేదో అలాగే తేలుతుంది. ఉడకబెట్టిన మేక మాంసం, చిలగడదుంప. ఉప్పు, కారం, నూనె ఏదీ వద్దు. ఎనిమిది వారాలు ఇంకొక్క మెతుకు దాని నోట్లో పడకూడదు. పడిందా, లెక్క మళ్లీ మొదటికొస్తుంది. వారానికి రెండుసార్లు ఈ షాంపూతో స్నానం. నురగ పది నిమిషాలు ఒంటి మీద ఉండాలి. చెయ్యగలరా అమ్మా?"

"చేస్తానండీ."

"చాలామంది మూడో వారంలో మానేస్తారు."

"నేను మాననండీ," అంది దేవకుమారి.

ఊరికొచ్చిన రోజే వీధి మొత్తం తిరిగింది. "మిరియానికి ఏమీ పెట్టకండి, మీ కాళ్లు పట్టుకుంటాను," అని ఇంటింటికీ చెప్పింది. ఎదురింటి సుబ్బాయమ్మ గారి దగ్గర ఎక్కువసేపు నిలబడింది. డెబ్బై దాటిన ఆ పెద్దావిడకి మధ్యాహ్నం భోజనం కాగానే చేప తలకాయ ఒకటి మిరియానికి వెయ్యకపోతే తోచదు. "సరేలేమ్మా, దాని బాగుకోసమేగా," అందావిడ, అయిష్టంగానే.

మంగళవారం, శనివారం స్నానాలు. మొదటిసారి మిరియం నురగతోనే పారిపోయి ఇసకలో పొర్లింది. రెండోసారి దేవకుమారి దాన్ని రెండు కాళ్ల మధ్య పట్టుకుని, ఫోనులో పది నిమిషాలకి అలారం పెట్టుకుని, ఏ జాకెట్టుకి ఎంత గుడ్డ తరిగిందో, ఎవరి చేతులు బిగుతయ్యాయో అన్నీ దానితో చెబుతూ కూర్చుంది. అది విసుగ్గానైనా విన్నది.

మూడో వారానికి చెవుల వాసన పోయింది. పాదాల ఎరుపు తగ్గింది. దేవకుమారి మొహం విప్పారింది. నాలుగో వారం, ఇన్ఫెక్షన్ మందు అయిపోయాక, ఇంకా తగ్గాల్సింది, తగ్గలేదు సరికదా, పొట్ట కింద కొత్తగా రక్తం వచ్చేట్టు గోక్కుంది.

ఎవరో పెట్టారు. దేవకుమారి కళ్లకి ఎదురిల్లే కనిపించింది. అరుగు మీద కూర్చున్న సుబ్బాయమ్మ గారి దగ్గరికి తిన్నగా వెళ్లింది.

"మామ్మగారూ, నిజం చెప్పండి. పెట్టారా?"

"ముల్లు కూడా వెయ్యలేదమ్మాయ్."

"అబద్ధమెందుకండీ? దాని ఒళ్లే చెబుతోంది."

సుబ్బాయమ్మ గారు లేచి లోపలికి వెళ్లి తలుపు దగ్గరగా వేసుకుంది. ఆ మర్నాడూ, ఆ తర్వాతి రోజూ అరుగు ఖాళీగానే ఉంది.

మూడో రోజు జ్ఞానయ్య కేరేజీ మర్చిపోయి వెళ్తే, దాన్ని పట్టుకుని దేవకుమారి చెరువు దగ్గరికి వెళ్లింది. ఎప్పటిలాగే మిరియం అతని వెంటే ఉంది. రొయ్యలు మేత తిన్నాయో లేదో చూడటానికి నీళ్లలో వేలాడదీసే వలపళ్లాలు ఉంటాయి, చెక్ ట్రేలంటారు. జ్ఞానయ్య ఒకటి పైకి లాగి చూసి, మిగిలిన మేతని గట్టు మీద దులిపాడు. మిరియం వచ్చి ఆ ముద్దని నేల కనపడేదాకా నాకేసింది. అతను తరవాతి ట్రే దగ్గరికి నడిచాడు. అది తోక ఊపుకుంటూ వెంట నడిచింది.

"ఏవండీ!" దేవకుమారి అరుపుకి చెరువులో పిట్టలు లేచాయి. "ఇది రోజూ ఇలా తింటుందా?"

"అదేం తిండే? రొయ్యల మేత. నేనేం పెట్టలేదుగా," అన్నాడతను, తప్పేమిటో తెలియక.

దేవకుమారి షెడ్డులోకి వెళ్లి మేత సంచి తిప్పి, దాని మీది అక్షరాలు కూడబలుక్కుని చదివింది. మొదటి పేరే చేపల పొడి.

అది విని జ్ఞానయ్య గట్టు మీద చతికిలబడ్డాడు. "నూనె రాసిందీ నేనే. ఇదీ నేనేనా?"

"తెలిసి చేశారా ఏంటి? రేపట్నుంచి దీన్ని తీసుకురాకండి."

"అది లేకుండా గట్టంతా ఒక్కణ్ణే తిరగనా?"

"ఎనిమిది వారాలు తిరగండి. మళ్లీ ఒకటో రోజు నుంచి లెక్క."

ఇంటికి రాగానే కాళ్లు కూడా కడుక్కోకుండా ఎదురింటి తలుపు కొట్టింది. సుబ్బాయమ్మ గారు తలుపు సగం తీసింది.

"తప్పయిపోయింది మామ్మగారూ. మీరు పెట్టలేదు. మా ఇంట్లోనే ఉంది పొరపాటు." జరిగిందంతా చెప్పింది.

"ఇన్నేళ్లలో నన్ను అబద్ధాలకోరని ఎవరూ అనలేదమ్మాయ్," అందావిడ. దేవకుమారి తలొంచుకుని నిలబడింది. "సరే. మరి దానికి నేనేం చెయ్యొచ్చో చెప్పు."

"ఎవరూ ఏమీ పెట్టకుండా చూడాలండీ."

"పెట్టకపోవడం కూడా ఒక పనేనా?"

"ఇప్పుడదే పెద్ద పని మామ్మగారూ."

ఆ పని సుబ్బాయమ్మ గారు పట్టింది పట్టినట్టు చేసింది. అరుగు మీద కర్ర పట్టుకుని కూర్చుని, బిస్కెట్టు విసరబోయిన ప్రతివాడినీ వీధి వీధంతా వినపడేట్టు కేకలేసింది. దేవకుమారి దుంపలు ఉడకబెట్టింది, స్నానాలు చేయించింది, మందు మళ్లీ తెచ్చి వేసింది. ఏడో వారానికి పొట్ట కింద చర్మం మెత్తబడి, సన్నటి నల్లబొచ్చు మొలిచింది. వసారాలో మిషను చప్పుడొక్కటే మిగిలింది.

ఎనిమిది వారాలు నిండాక, ఫోనులో పంపిన ఫోటోలు చూసి గీతాంజలి సంతోషించింది గానీ వదల్లేదు. "ఇప్పుడు పాత తిండి ఒక్కొక్కటే, వారానికి ఒకటి చొప్పున పెట్టి చూడాలండీ. దురద తిరిగొస్తే ఆ తిండే కారణమని తేలుతుంది."

అన్నం పెట్టారు, ఏమీ కాలేదు. కోడిమాంసం, గుడ్డు, వాటికీ ఏమీ కాలేదు. చివరికి చేప మిగిలింది. జ్ఞానయ్య అడ్డం పడ్డాడు.

"ఇంత చేసి, ఇప్పుడు కోరి తెచ్చుకోవడమా? చేప మానేస్తే సరిపోదూ?"

"అనుమానంతో ఎన్నాళ్లు మానిపిస్తామండీ? తెలియాలి నాకు," అంది దేవకుమారి. ముల్లు తీసిన బొచ్చె చేప ముక్క తన చేత్తోనే పెట్టింది. మిరియం ఆత్రంగా తిని ఆమె వేళ్లు కూడా నాకింది.

మూడో రోజు సాయంత్రం మిరియం ముందుకాలు నాకడం మొదలెట్టింది. మర్నాటికి చెవులు ఎర్రబడ్డాయి. చేప ఆపేశారు. పది రోజుల్లో సర్దుకుంది. చుట్టూ చేపల చెరువులున్న ఊళ్లో పుట్టిన కుక్కకి చేపే పడదని తేలింది.

"వానాకాలంలో కొంచెం దురద రావచ్చు. స్నానాలు మానకండి. ఇది పూర్తిగా పోయే జబ్బు కాదు," అంది గీతాంజలి ఫోనులో.

"పోకపోతే పోనివ్వండి డాక్టరుగారూ. చూసుకుంటాను," అంది దేవకుమారి.

జ్ఞానయ్య ఒంటరిగా చెరువుకి వెళ్తుంటే మిరియం గేటు దగ్గర నిలబడి మూలిగేది. దేవకుమారి దూడల మూతికి కట్టే చిక్కంలాంటిది వలగుడ్డతో కుట్టింది. మొదటిది ముక్కు ఒరిపింది. రెండోది ఊడిపోయింది. మూడోది, నోరు తెరిచి ఊపిరి తీసుకునేంత వదులుగా, మేత అందనంత చిన్న కన్నాలతో సరిగ్గా అమిరింది.

మర్నాడు పొద్దున్నే జ్ఞానయ్య ట్రే ఎత్తి, మిగిలిన మేతని మూతున్న బకెట్టులోకి దులిపాడు. మిరియం చిక్కంలోంచే బకెట్టుని వాసన చూసి, ఒకసారి తుమ్మి, గట్టు మీద అతనికంటే ముందు పరుగెత్తింది.