మైనం అంటని వారం

కోళ్ళకంటే ముందు లేచేది ఒతీలియా. అసలు కోళ్ళు లేచేదే ఆమె పొయ్యి పొగ ముక్కుకు తగిలి. ఆమె ఆలస్యం చేసిన రోజు మా లోయ మొత్తానికి ఆలస్యంగా తెల్లారేది. లేచి, రెండు మోకాళ్ళనూ పేరుపేరునా తిట్టి, పెరట్లో కుండ కింద సన్నటి మంట పెట్టి, నెలరోజులు ఎండలో తెల్లబడ్డ తేనెమైనం ముక్కలు అందులో వేసేది. దూలానికి వేలాడే చెక్క చక్రం, చక్రం చుట్టూ వత్తులు. చక్రం తిప్పడం, సొరబుర్రతో మైనం ముంచి వత్తి మీద పైనుంచి పోయడం, ఆరనివ్వడం, మళ్ళీ పోయడం. ఒక్కో కొవ్వొత్తికి నూట యాభై పూతలు, అన్నీ నిలబడే.

మైనం మరీ వేడెక్కితే కింది పూతను కడిగేస్తుంది, చల్లారితే విరిగిన పాలలా గడ్డలు కడుతుంది. రెంటికీ మధ్య వేడి ఎంతో ఒతీలియా మణికట్టుకే తెలుసు. లోపలివైపు ఒక చుక్క వేసుకుని "ఊఁ" అనేది. నలభై ఏళ్ళ చుక్కలకు అక్కడి చర్మం తాబేలు వీపులా తయారైంది. దాని మీద మిరపకాయలు నూరుకోవచ్చు.

ఆ పెరట్లో ఇంకో నియమం కూడా ఉంది. కాగిన మైనం వింటుండగా అబద్ధం ఆడకూడదు. ఆడితే మైనం వత్తిని అంటదు, జారిపోతుంది. మళ్ళీ నిజం చెప్పిందాకా మొండికేస్తుంది. పాలు నిమ్మరసానికి విరుగుతాయి, మైనం అబద్ధానికి జారుతుంది, అంతే. ఓసారి ఓట్ల రోజుల్లో ఎవరో పెద్దమనిషి వీధిలో నిలబడి రోడ్డు వేయిస్తానన్నాడు. గోడకు ఇవతల డెబ్భై కొవ్వొత్తులు ఒక్కసారిగా బట్టలిప్పేసుకున్నాయి. గట్టిపడ్డ కొవ్వొత్తి ముందు మాత్రం ఎన్ని కోతలైనా కొయ్యొచ్చు, దానికి పట్టదు.

అందుకే పనున్నవాళ్ళు తప్ప ఆ పెరట్లో ఎవరూ కూర్చునేవాళ్ళు కారు. అబద్ధం కలవని కబుర్లు ఉప్పులేని చిక్కుడుగింజల పులుసు, ఎవరికి దిగుతాయి?

ఆ వారం కొవ్వొత్తులు పరాయివాళ్ళవి కావు. చెల్లెలు పోయాక ఒతీలియా పెంచిన పిల్లాడు సెల్సోకి అమదాను అడగడానికి ఆదివారం వెళ్ళాలి. మా ఊళ్ళో మైనపు పువ్వులు అద్దిన నిలువెత్తు కొవ్వొత్తులు మోసుకెళ్ళి పిల్ల ఇంటి దేవుడి గదిలో నిలబెట్టకుండా ఎవరూ నోరు తెరిచి అడగకూడదు. అమదా తాత నిసేఫొరో ఆ పువ్వుల రేకులు కూడా లెక్కపెట్టే రకం. చెప్పిన రోజున కొవ్వొత్తులు రాకపోతే ఆ అవమానాన్ని మనవల మనవల దాకా మోస్తాడు.

సోమవారం పొద్దున సెల్సో మగ్గానికి వెళ్తూ పెరట్లో ఆగాడు.

"అలిసిపోయావా పెద్దమ్మా?"

"లేదురా. వెళ్ళు."

మైనం జారిపోయింది. మంట ఎక్కువైందనుకుని కట్టె లాగింది. మంగళవారం వాడు మళ్ళీ అడిగాడు, ఆమె మళ్ళీ లేదంది, మైనం మళ్ళీ జారింది. వత్తులు మార్చింది. బుధవారం కుండ మార్చింది. గురువారం మైనం అమ్మే త్రాంకిలీనోను పిలిపించి ఏం కలిపావని నిలదీసింది. ఆయన తన తేనెటీగల మీద ఒట్టేశాడు, వాటి ముత్తాతల మీద కూడా వేశాడు. శుక్రవారానికి వత్తులు పన్నెండూ బోడిగా వేలాడుతున్నాయి. ఒతీలియా కళ్ళ కింద సంచులు ఎంత పెద్దవంటే, వాటిలో బజారు సామాను మోసుకురావచ్చు.

పువ్వులు చేయడానికి వచ్చిన పక్కింటి యూఫ్రొసీనా చేతిలోని పువ్వు అచ్చు నీళ్ళలో పడేసింది.

"ఇది వేడి గొడవ కాదే ఒతీలియా. ఈ వారం ఈ పెరట్లో ఎవరో అబద్ధమాడారు. అందరం కక్కేద్దాం. ముందు నేనే. నా మోలే పులుసులో ఇరవై ఏడు దినుసులు పడతాయన్నానా? పద్దెనిమిదే."

"మాకు తెలుసు," అన్నాడు, తన మైనం సంగతి తేల్చుకోవడానికి మళ్ళీ వచ్చిన ముసలి త్రాంకిలీనో.

ఒతీలియా బుర్రెడు పోసింది. జారింది.

"నీ వంతు తాతా. నిన్న నీ వయసు డెబ్భై అన్నావు," అంది యూఫ్రొసీనా.

ముసలాయన టోపీ తీశాడు. "డెబ్భై ఎనిమిది. ఆ తమలే కుడుములు అమ్మే విధవరాలు వినకుండా చూడండమ్మా."

"ఆవిడ నిన్ను తొంభై అనుకుంటోంది, సంతోషపడు."

పోసింది. జారింది. అందరూ, ఆ పూట మగ్గానికి వెళ్ళకుండా ఆగిపోయిన సెల్సో వైపు చూశారు.

"నేనేమన్నాను? పొద్దున్నే వచ్చి అలిసిపోయావా అని అడుగుతున్నా, అంతే. అడగడం అబద్ధమెలా అవుతుంది?"

యూఫ్రొసీనా మెల్లిగా ఒతీలియా వైపు తిరిగింది. "దానికి నువ్వేమంటున్నావు?"

"లేదంటున్నా. ఎవరైనా అదే అంటారు."

కుండలో మైనం ఒక్కసారి బుడుంగుమంది.

"మరి ఈ నలభై ఏళ్ళూ ఎలా అంటిందే?"

"నలభై ఏళ్ళలో నన్ను ఎవరడిగారే?"

సెల్సో తల దించుకున్నాడు. "అమదా అడగమంది పెద్దమ్మా. మీ ఇంట్లో ఆవిడ్ని ఎవరూ ఏమీ అడగరేం అంది. నాకు సిగ్గేసింది."

ఒతీలియా బుర్రతో మైనం ముంచింది. తర్వాత, వంటింట్లో ఏదో మర్చిపోయినదానిలా, నెమ్మదిగా అంది.

"అలిసిపోయాను."

పోసింది. మైనం వత్తిని కరుచుకుంది.

సెల్సో పరుగున వెళ్ళి కుర్చీ తెచ్చి, ఆమె చేతిలో బుర్ర లాక్కున్నాడు. ఆమె కూర్చుని మణికట్టు చాపింది. వాడు చుక్క వేశాడు. "ఊఁ" అంది. వాడు పోశాడు. ఆమె చెప్పింది.

"ఈ కాళ్ళు నావి కావనిపిస్తోంది."

పూత.

"మీ అమ్మ పోయిన రోజున కూడా ఎవరి పెళ్ళికో మైనం పోస్తూనే ఉన్నా."

పూత. యూఫ్రొసీనా కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"ఈ మైనం వాసన నాకు ఏనాడూ పడలేదు. మా అమ్మ పోతూ బుర్ర చేతికిచ్చింది, పుచ్చుకున్నా. బజారులో చల్లటి తెహాతే పానీయం అమ్మాలని ఉండేది నాకు. కూర్చుని."

"కూర్చునా?"

"కూర్చునే. నీడలో. వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ నోటికొచ్చిన అబద్ధాలాడుతుంటే వింటూ."

మధ్యాహ్నానికి చెప్పాల్సినవి అయిపోయాయి, నూట యాభై పూతలూ అయిపోయాయి. అంత తెల్లటి కొవ్వొత్తులు మా లోయలో మళ్ళీ పుట్టలేదు. వాటి తెల్లదనానికి పక్క ఊరి పావురాలు సిగ్గుపడి వలసపోయాయి.

ఆదివారం వాటిని నిసేఫొరో ఇంటి దేవుడి ముందు నిలబెట్టారు. ఆయన రేకులు లెక్కపెట్టి తలాడించాడు. ఇక అబ్బాయి తరఫు పెద్దగా ఒతీలియా లేచి, వాడు సూర్యుడూ చంద్రుడూ అని గంటసేపు పొగిడి పిల్లను అడగాలి. అందరూ ఎదురుచూశారు. ఒతీలియా మెత్తటి కుర్చీలో నోరు తెరుచుకుని నిద్రపోతోంది. ఆ గురకకు కొవ్వొత్తుల మీది మైనపు పువ్వులు ఊగుతున్నాయి.

సెల్సో భయపడుతూ లేపబోయాడు.

"ఉండనివ్వరా," అన్నాడు నిసేఫొరో. "యాభై ఏళ్ళుగా ఈ గదిలో ఇలాంటి ప్రసంగాలు వింటున్నా. ఒక్క అబద్ధమూ లేనిది ఇదే." అని పిల్లనిచ్చేశాడు. వాళ్ళు చాక్లెట్ తాగి, కోళ్ళు కోసి, తిని, చేతులు కడుక్కున్నా, మర్నాడు సాయంత్రం దాకా ఆమె లేవలేదు.

ఇప్పుడు ఆ చక్రం అమదా తిప్పుతోంది. మొదటి రోజే కుండ ముందు నిలబడి, "సెల్సో, నీ పాట వింటే గాడిదలు కూడా చెవులు వాలుస్తున్నాయి" అంది. ఆ పూట కొవ్వొత్తులు రాళ్ళలా గట్టిపడ్డాయి.

ఒతీలియా బజారులో, నీలం గొడుగు కింద, పొట్టి పీట మీద కూర్చుని తెహాతే అమ్ముతుంది. మొక్కజొన్న, కోకో గింజల పిండి పెద్ద బేసినులో చేత్తో చిలికితే తెల్లటి నురగ కొండలా లేస్తుంది. త్రాంకిలీనో వచ్చి తనకు అరవై ఐదని చెబుతాడు. యూఫ్రొసీనా మోలేలో దినుసులు నలభై దాటాయి. ఒతీలియా అన్నిటికీ "అలాగా!" అని బుగ్గలు నొక్కుకుంటుంది.

సాయంత్రం బజారు పలచబడే వేళ ఎవరో ఒకరు అడుగుతారు, "అలిసిపోయావా ఒతీలియా?"

"నేనా? ఛ, లేదు."

అనేసి, పాత అలవాటు కదా, ఒక్కసారి బేసినులోకి తొంగి చూస్తుంది. నురగ కదలదు. అప్పుడు కాళ్ళు ఇంకొంచెం ముందుకు చాపుకుంటుంది.