సొరకాయ ముట్టని నత్త

మా ఆయన రాధాకృష్ణమూర్తిగారు పోయాక నెల తిరక్కుండానే ఆయన పెంచుకున్న చేపలన్నీ పోయాయి. తొట్లో నీళ్ళు ఎప్పుడు మార్చాలో నాకు తెలియదు, ఆయన చెప్పలేదు. ఎవరి మీద కోపం తెచ్చుకోను? జగ్గయ్యపేటలో మా కిరాణా కొట్టు వెనకే మా ఇల్లు. వంటగది కిటికీ పక్కన ఆ గాజుతొట్టి అలాగే ఉండిపోయింది. అందులో ఒక్క నత్త మాత్రం మిగిలింది. గోళీకాయంత ఉంటుంది. అద్దానికి పట్టిన పాచి గీక్కు తింటూ బతికేసింది.

పాచి అయిపోయాక సొరకాయ ముక్క ఉడకబెట్టి వేశాను. ఇష్టంగా తింది. ఆ రోజు నుంచి కూరలో ఉప్పు వెయ్యకముందే దాని వాటా తీసి పెట్టేదాన్ని. పిల్లలు లేని ఇల్లు మాది. నేను వండింది తినడానికి ఇంకొక ప్రాణం ఉందంటే ఎంత ధైర్యమో, ఒక్కరికే వండుకునేవాళ్ళకు తెలుస్తుంది.

ఏడాది గడిచింది. దానికీ ఒక తోడు తెద్దామనిపించి నందిగామ బస్సెక్కాను. నత్తకు తోడు కావాలని ఎలా అడగాలా అని చిల్లకల్లు దాటేదాకా ఆలోచిస్తూనే ఉన్నాను. నందిగామలో రంగుచేపలమ్మే కల్యాణ్ కొట్లోకి వెళ్ళాక ఇంకా సిగ్గేసింది. ఒక సీసాలో పసుపు, గోధుమరంగు చారల నత్త కనబడింది. పెళ్ళికొడుకులా ఉంది. అదిమ్మన్నాను.

"దీనికేం పెట్టాలో తెలుసా అండీ?" అన్నాడు కల్యాణ్.

"నాకు చెప్పొస్తావేంటయ్యా? ఏడాది నుంచి పెంచుతున్నా" అన్నాను.

మా కొట్టుకొచ్చి కందిపప్పు అడిగితే పప్పులోకా, పొడిలోకా అని ఆరా తీసే మనిషిని నేను. అక్కడ మాత్రం ఒక్క ముక్క అడగలేదు. నీచు ముట్టని మా పుట్టింట్లో గానీ, అత్తింట్లో గానీ ఎవరేం తింటారో అడగాల్సిన అవసరం ఎప్పుడూ రాలేదు మరి. నత్తంటే నత్తే, ఆకూ అలమూ తింటుందనుకున్నాను.

రెండు రోజులు కొత్తది ఇసుకలో దూరి కూర్చుంది. బెరుకనుకున్నాను. మూడో రోజు పొద్దున చూస్తే పాతదాన్ని అంటిపెట్టుకుని ఉంది. కబుర్లాడుకుంటున్నాయని సంబరపడ్డాను. నిజం చెప్పొద్దూ, కాస్త కుళ్ళుకున్నాను కూడా. సాయంత్రానికి పాతది వెల్లకిలా పడి ఉంది. వేలితో కదిపితే ఉత్త గుల్ల.

ఫోన్ చేస్తే కల్యాణ్ తాపీగా చెప్పాడు. "అది నత్తల్ని తినే నత్తండీ. తొట్లో నత్తలు ఎక్కువైపోయినోళ్ళు కొంటారు. మీరు తెలుసన్నారు కదండీ."

అన్నాను. అన్నది నేనే.

కోపం పట్టలేక దాన్ని గ్లాసులోకి తీసి మురుగుకాలవ దాకా వెళ్ళాను. చేతులు రాలేదు. మళ్ళీ తొట్లో వేసి సొరకాయ పెట్టాను. ముట్టలేదు. బీరకాయా ముట్టలేదు. బచ్చలాకు దాని మీదే పడితే పక్కకు జరిగింది. నాలుగు రోజులు పస్తు. గొట్టంలాంటి మూతిని అటూ ఇటూ చాచి వెతుకుతూనే ఉంది. తొట్లో ఇంకెవరూ లేరని దానికి తెలియదు. నాకు ఏడుపొచ్చింది. పాతదాన్ని నేనే చంపాను, ఇప్పుడు దీన్నీ చంపుతున్నాను.

మళ్ళీ కల్యాణ్‌కి ఫోన్ చేశాను. ఈసారి అడిగాను.

బజారులో ఎండుచేపల పుల్లమ్మ కూర్చునే చోటు దాటేటప్పుడల్లా, ముప్పై ఏళ్ళుగా, కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటున్నాను. ఆ పొద్దున కొంగు దించి ఆమె బుట్ట ముందు నిలబడ్డాను.

"ఎండు రొయ్యలు ఓ గుప్పెడు ఇవ్వు పుల్లమ్మా."

ఆమె తెల్లబోయింది. "వాసవాంబగారూ, మీకాండీ? మీ ఇంట్లో ఎవరున్నారండీ తినేవాళ్ళు?"

ఆయన పోయాక మా ఇంట్లో ఎవరున్నారని నన్నడిగిన మొదటి మనిషి ఆమే.

"ఒకరున్నార్లే" అన్నాను. "ఆ ఒక్కరే ఉన్నారు."