కూడలిలో ఆగిన బస్సు

నగరంలో బస్సులను ప్రైవేటు కంపెనీకి అప్పగించాలని ఇంటింటికీ తిరిగి సంతకాలు పోగేసినదాన్ని నేనే. పన్నెండేళ్లు ప్రభుత్వ బస్సు కోసం ఎదురుచూసి కాళ్లు పీక్కుపోయాయి. నాకు ఆమాత్రం కోపం ఉండదా?

ముందుగా కూడలి నుంచి ఆసుపత్రికి వెళ్లే లైను కంపెనీ చేతికి పోయింది. ఇప్పుడా బస్సును చూసి గడియారం సరిచేసుకోవచ్చు. దాని డ్రైవరు మా తమ్ముడే. మా కాలనీ నుంచి కూడలికి వచ్చే బస్సు మాత్రం ఇంకా ప్రభుత్వానిదే, దాని తీరూ పాతదే. రెండూ ఒకే సంస్థవిగా ఉన్నప్పుడు ఒకదాని కోసం ఒకటి ఆగేవి. ఇప్పుడు ఎవరి దారి వారిది.

నేను ఆసుపత్రి లాండ్రీలో పనిచేస్తాను. ఈ నెలలో రెండుసార్లు ఆలస్యంగా వెళ్లాను. మూడోసారి ఆలస్యమైతే ఇక రానక్కర్లేదని సూపర్‌వైజరు మొహం మీదే చెప్పేసింది.

నిన్న సాయంత్రం తమ్ముణ్ణి బతిమాలాను.

"రెండే రెండు నిమిషాలు ఆగలేవట్రా?"

"ఆగితే ఆఫీసులో తెలిసిపోతుందక్కా. దానికి తోడు ఎవరైనా ఫిర్యాదు చేశారంటే నన్ను పీకేస్తారు. సంతకాలప్పుడే చెప్పానా లేదా?"

"దెప్పింది చాల్లే!" అని కసిరాను. వాడు ఆగుతాననీ అనలేదు, ఆగననీ అనలేదు.

ఈ ఉదయం మా బస్సు వంతెన దాటేసరికే ఆసుపత్రి బస్సు కదిలే టైము అయిపోయింది. తలుపు దగ్గర నిప్పుల మీద నిలబడ్డట్టు నిలబడ్డాను. కూడలిలో తమ్ముడి బస్సు ఆగే ఉంది! పరుగెత్తి ఎక్కాను.

లోపల జనం వాడి మీద ఒంటికాలి మీద లేస్తున్నారు.

"ఎవరి కోసమయ్యా ఆగావు? మీ చుట్టాలొస్తున్నారా?" అని అరుస్తూ టై కట్టుకున్న ఒకాయన ఫోను తీశాడు. నా వైపు తిరిగి, "మీరైనా చెప్పండమ్మా" అన్నాడు.

ఊరుకుంటే దొరికిపోతామనిపించింది.

"ఏం డ్రైవరు గారూ, మాకు పనులుండవా?" అని అందరికంటే గట్టిగా అరిచాను.

వాడు అద్దంలో నన్ను చూశాడు. "సారీ మేడమ్" అన్నాడు.

నా ప్రాణం చివుక్కుమంది. టై ఆయన సాక్ష్యానికంటూ నా నంబరు అడిగితే, కాదనలేక ఇచ్చాను.

లాండ్రీకి సరిగ్గా టైముకు చేరాను. చేతులు దుప్పట్లు మడతపెడుతున్నాయే గానీ మనసు అక్కడ లేదు. ఒక మడత మూడుసార్లు విప్పాను.

పదిన్నరకు కంపెనీ ఆఫీసు నుంచి ఫోను వచ్చింది.

"పొద్దున బస్సు గురించి ఫిర్యాదు వచ్చింది మేడమ్. ఎవరి కోసం ఆగాడో డ్రైవరు ఎంత అడిగినా చెప్పడం లేదు. మీకేమైనా తెలుసా?"

నిజం చెబితే వాడికి మేలో, దాస్తే మేలో నాకు తోచలేదు. సూపర్‌వైజరు నా వైపే చూస్తోంది.

"తెలియదండీ" అన్నాను. "అతనెవరో నాకు తెలియదు."