ఎవరిదో తెలియని నొప్పి

పొద్దున ఎనిమిదిన్నరకు బీదర్ దగ్గరి కమఠాణ ఊళ్లో బస్సు దిగి, స్కూలు వరండాలో రెండు కుర్చీల మధ్య వేసిన స్టూలు మీద కూర్చోవడం ఆ వారమంతా ప్రేమల పని. కుడివైపు కుర్చీలో డాక్టర్ ఫిలిప్పు. ఎడమవైపు కుర్చీలో వంతు వచ్చిన పేషంటు. కెనడాలోని ఒక చర్చి వాళ్లు అయిదుగురు సెలవులు పెట్టుకుని, మందులు తామే మోసుకుని, వారం రోజుల సేవకు వచ్చారు. వాళ్లలో డాక్టరు ఫిలిప్పు ఒక్కడే, మిగతా నలుగురూ లోపలి గదిలో మందులు ఇచ్చేవాళ్లు. ఒక్కరికీ ఇక్కడి మాట రాదు. బీదర్ చర్చిలో పనిచేసే హేబ్సిబా తన చిన్ననాటి స్నేహితురాలు ప్రేమలను దుబాసిగా రమ్మని అడిగింది. బీదర్‌లో ఇంగ్లీషు టీచరైన ప్రేమలకు ఎండాకాలం సెలవులు. సరేనంది.

మొదటి పేషంటు తుకారాం. మోకాలు పట్టేసి ఏడాదైందని, మెట్టు ఎక్కితే లోపల సూదులు గుచ్చినట్టు ఉంటుందని చెప్పాడు. ప్రేమల ఆ మాటను ఇంగ్లీషులో చెబుతుంటే, వాక్యం సగంలో ఉండగానే ఆమె కుడి మోకాలు పట్టేసింది. తుకారాం అది చూసి, "నీ నోట్లకెల్లి పోవాలె గదా బిడ్డా, తాకకుంట ఎట్ల పోతది?" అంటూ భుజం మీది తువ్వాలు మడిచి ఆమె కాలి కింద పెట్టాడు. ఫిలిప్పు వంగి ప్రేమల మోకాలే నొక్కి చూసి, తుకారాంకు మాత్రలు రాశాడు. తర్వాతి మనిషి నోరు తెరవగానే మోకాలు వదిలేసి పంటిపోటు మొదలైంది.

అట్లా మూడు రోజులు గడిచాయి. సాయంత్రం బస్సులో కూర్చుంటే లాగుతున్న నడుము తనదో, చివరగా వచ్చిన మనిషిదో ప్రేమలకు తెలిసేది కాదు. ఇంటికి పోయి తలనొప్పి అంటే, "ఎవరిదే?" అని అడిగేది వాళ్లమ్మ.

నాలుగో రోజు మధ్యాహ్నం ఆమె గుండెల మీద, ఎడమ పక్కన, రుబ్బురోలు పెట్టినంత బరువు కూర్చుంది. తర్వాత వచ్చినామె చెవిపోటు అంది. చెవిపోటు వచ్చింది, బరువు మాత్రం పోలేదు. అప్పటిదాకా ఏ నొప్పీ అట్లా వెనక ఉండిపోలేదు.

ఫిలిప్పు ఆమె గుండెకు స్టెతస్కోపు పెట్టి విన్నాడు. నీ గుండె బాగానే ఉంది, ఇది ఇక్కడున్న వాళ్లలో ఎవరిదో, సాయంత్రం దాకా ఆగే నొప్పి కాదు, మనిషిని వెతకాలి అన్నాడు. దాంతో పొద్దుటి నుంచి చూపించుకున్న ముప్పై మందీ మళ్లీ వరుస కట్టారు. ఒక్కొక్కరూ చెప్పిందే మళ్లీ చెప్పారు. ప్రేమల ఇంగ్లీషులో చెప్పిందే మళ్లీ చెప్పింది.

"నాది నడుమే బిడ్డా," అంది వరుసలో ఉన్న ముసలామె పోశమ్మ. "గుండె నా మీద వెయ్యకు. వచ్చే నెల మనుమరాలి పెండ్లున్నది."

ఆమెది నడుమే. మళ్లీ చూపించుకోవడానికి వచ్చిన తుకారాందీ మోకాలే. హేబ్సిబాను కూడా పిలిచి అడిగారు. ఆమెకున్నది ప్రార్థనకని ఉపవాసం ఉన్న కడుపు మంట, అంతే. వరుస అయిపోయింది, బరువు అట్లాగే ఉంది. ఎవరి మాటనైనా తప్పు విన్నానా, చూపించుకుని వెళ్లిపోయిన వాళ్లున్నారా అని ప్రేమల తల పట్టుకుంది.

పొద్దు వంగుతోందని, తనకు అలుపేమీ లేదని, ఇంకా మిగిలిన వాళ్లను పిలవమని ఫిలిప్పు అన్నాడు. ప్రేమల జనం వైపు తిరిగింది.

"డాక్టర్ సాబుకు అలుపేం లేదంట..."

ఆ మాట దగ్గరే బరువు భుజం మీదుగా మోచేతికి దిగింది. ఎడమ చేతి వేళ్లు మొద్దుబారాయి. నొప్పులన్నీ ఎడమ కుర్చీలోంచే వస్తాయని నాలుగు రోజులుగా అనుకుంటోంది. కుడి కుర్చీని ఎక్కడ నొప్పి అని ఎవరూ అడగనే లేదు.

ఆమె ఆ సంగతి చెబితే ఫిలిప్పు నవ్వాడు. నుదుటి చెమట తుడుచుకుని, ఇదంతా మీ ఎండ వల్లే అన్నాడు. ఇంకా నలభై మంది నడిచి వచ్చి కూర్చున్నారు, ఇంత దూరం వచ్చింది వీళ్ల కోసమే కదా, తర్వాతి వాళ్లను పిలువు అన్నాడు.

ఈ నాలుగు రోజుల్లో ప్రేమల ఒక్క మాట కూడా మార్చి చెప్పలేదు. ఇప్పుడు లేచి నిలబడింది.

"డాక్టర్ సాబుకు గుండెల నొప్పి లేస్తున్నది. తానైతే లెవ్వడు. మీరే లేపాలె."

వరండా అంతా లేచింది. బీదర్‌లోని గాంధీ గంజ్ మార్కెట్‌కు కందులు తోలే పీరప్ప టెంపోను గేటు దాకా తెచ్చాడు. ఆడవాళ్లు అందులో ఖాళీ సంచులు పరిచారు. తుకారాం కుంటుతూనే ఫిలిప్పు కూర్చున్న కుర్చీని ఒక పక్క పట్టుకున్నాడు. వాళ్లతో ఏం చెప్పావని ఫిలిప్పు అడుగుతూనే ఉన్నాడు. మీరు చెప్పిందే చెప్పానంది ప్రేమల. ఇది ఈ ఊరి ఆచారమేమో అనుకున్నాడో ఏమో, అతను కుర్చీతో సహా టెంపో ఎక్కాడు. బీదర్ దాకా పోశమ్మ కొంగుతో విసురుతూ కూర్చుంది.

గుండెకు పోయే నాళం మూసుకుపోతోందని, ఇంకో గంటైతే తమ చేతుల్లో ఉండేది కాదని దవాఖానలో చెప్పారు.

మూడో రోజుకు ఫిలిప్పు లేచి కూర్చున్నాడు. పోశమ్మ పంపిన జొన్న రొట్టెలు పట్టుకుని ప్రేమల వెళ్లేసరికి గదిలో ఇంకెవరూ లేరు.

"నా మాట మార్చి చెప్పావట," అన్నాడు.

"అవును."

అతను రొట్టెలు అందుకుని పక్కన పెట్టి, "నీకెలా ఉంది?" అని అడిగాడు.

"నీకెట్లున్నదని అడుగుతున్నడు," అని ప్రేమల తెలుగులో చెప్పి, ఎడమవైపు తిరిగింది. అక్కడ గోడ ఉంది. ఆ ప్రశ్న ఎవరికో ఆమెకు వెంటనే తట్టలేదు.

తట్టాక, మంచం అంచున కూర్చుంది. బరువు పోయింది గానీ ఎడమ భుజం కింద ఒక చోట ఇంకా సలుపుతోంది. అది అతనిది మిగిలిందో, అంతకు ముందు నుంచే తనదో ఆమె తేల్చుకోలేకపోయింది. ఇంగ్లీషు ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"ఈడ," అంది తెలుగులోనే, చేత్తో చూపించకుండానే. "చానా రోజుల సంది."

ఫిలిప్పుకు ఆ మాటలు అర్థం కాలేదు. కానీ అతని చెయ్యి మెల్లగా తన ఎడమ భుజం కిందికి పోయి, సరిగ్గా ఆ చోటనే ఆగింది.