తునికి మోడు నేర్పిన వైద్యం

పగిడయ్యకు కోపం వచ్చింది జబ్బు మీద కాదు, డాక్టరమ్మ మీద. మెడ మీద ఒకటి, చంకలో ఒకటి, గజ్జలో ఒకటి, వెరసి మూడు గడ్డలుంటే ఆవిడ మెడ మీది దాన్ని మాత్రం తీసి, నాలుగు కుట్లు వేసి పంపించింది.

"మూడు మొద్దులుంటే ఒక్కటి కొట్టి, గొడ్డలి భుజానేస్కొని పోయినట్టుంది ఆమె పని" అన్నాడు పెళ్లాం కొండమ్మతో, బూర్గంపాడులో బస్సు దిగుతూ.

గొడ్డలి సంగతి పగిడయ్యకు తెలిసినంతగా ఆ చుట్టుపక్కల ఎవరికీ తెలియదు మరి. ఒక దెబ్బకు రెండో దెబ్బ వేస్తే నామోషీ అనుకునే మనిషి.

పట్నం దవాఖానాలో డాక్టర్ నిర్మలాదేవి ఓపిగ్గానే చెప్పింది. "ఇది లింఫోమా అనే క్యాన్సర్, పగిడయ్యా. ఒకచోట కూర్చునే జబ్బు కాదు, ఒళ్లంతా తిరుగుతుంది. ఛాతీలో కూడా ఉంది. అన్నీ కోసుకుంటూ పోతే మీరు మిగలరు. మందు రక్తంలోకి ఎక్కించాలి, తర్వాత ఛాతీకి కరెంటు, అంటే రేడియేషన్, పెట్టాలి. మంగళవారం రండి."

పగిడయ్య తల ఊపాడు. ఊపితే ఒప్పుకున్నట్టా? ఇంటికొచ్చాక అసలు మాట బయటపెట్టాడు.

"ఆదివారం సంతల గడ్డలు కోసేటోడు కూసుంటడు. మిగిలిన రెండు ఆయనతోటి కోయించుకుంట. సుట్టు తిరుగుడు పనెందుకు?"

ఆ సంతవాడి సంగతి కొండమ్మకు తెలుసు. వాడి కత్తికి పోయిన ఏడాది ఒక మనిషి చీము పట్టి పోయాడు. ఏడ్చి చెబితే ఈయన వినడు, అరిచి చెబితే అసలే వినడు. ముప్ఫయ్యేళ్ల కాపురంలో ఆమె నేర్చుకున్న సంగతి అది. శనివారం పొద్దున్నే గొడ్డలి తీసి మొగుడి చేతికిచ్చింది.

"తునికి కొమ్మ కొట్టే రోజులొచ్చినయి. నడువు."

ఏటా మాఘంలో తునికి పొదలు నరుకుతారు. అట్లా నరికితేనే ఎండాకాలానికి బీడీలు చుట్టే లేత ఆకు వస్తుంది, కట్టలు కట్టి కల్లానికి చేరుస్తారు. కుట్లు లాగుతున్నా, గొడ్డలి చేతికి రాగానే పగిడయ్యకు ప్రాణం లేచొచ్చింది. వాగు దాటాక కొండమ్మ ఒక పొద దగ్గర ఆగింది.

"నిరుడు దీన్ని కొట్టిందెవరు?"

"నేనే. ఒక్కటే దెబ్బ." ఆ మాట అనేటప్పుడు ఛాతీ కొంచెం పొంగింది.

"మరి సచ్చిందా?"

పగిడయ్య వంగి చూశాడు. మోడు చుట్టూ ఏడు కొమ్మలు లేచి ఉన్నాయి. రెండు బారల అవతల, నేల కింద పాకిన వేరులోంచి ఇంకో మూడు.

"తునికి గొడ్డలికి సస్తదా పిచ్చిదానా? వేరు లోపలుంటది గదా" అన్నాడు. అని, ఆగిపోయాడు. చెయ్యి దానంతట అదే మెడ మీది కుట్ల దగ్గరికి పోయింది.

కొండమ్మ ఆ కొమ్మల్ని ఒక్కొక్కటీ ముట్టుకుంటూ లెక్కపెట్టింది.

పగిడయ్యే గొణిగాడు. "గట్లయితే నన్ను ఎందుకు కోసినట్టు?"

"ఏ చెట్టో తెలవాలె గదయ్యా. తెంపి చూస్తెనే గద నువ్వైనా తునికో మోదుగో చెప్తవు. ఆమె గూడ తెంపి చూసింది. కత్తి పని గంతే."

"గీ మాట ఆ డాక్టరమ్మ చెప్పలే?"

"చెప్పింది. నువ్వు గోడ మీది క్యాలెండర్ చూసుకుంట కూసున్నవు."

ఆదివారం సంత జరిగిపోయింది. మంగళవారం పగిడయ్య పట్నం దవాఖానాలో మంచమెక్కాడు. ఆరు విడతలు మందు ఎక్కించారు. కక్కుకున్నాడు, తిట్టాడు, అన్నం చూస్తే మొహం తిప్పుకున్నాడు. జుట్టు మొత్తం రాలిపోయింది. చంకలోది, గజ్జలోది కత్తి తగలకుండానే కరిగాయి. ఛాతీలో మిగిలిన కాస్తకు కరెంటు పెట్టారు. దసరా ముందు డాక్టరమ్మ ఫిల్ములు వెలుగుకు పట్టి, ఇప్పటికైతే ఎక్కడా జబ్బు కనపడటం లేదు, మూడు నెలలకోసారి వచ్చి చూపించుకోండి అంది. దవాఖానా బయటికొచ్చాక ఆ మాట మొగుడికి మళ్లీ చెప్పబోయి, అన్నాళ్లూ ఏడవని కొండమ్మ వెక్కి వెక్కి ఏడ్చింది.

మళ్లీ మాఘం వచ్చింది. పగిడయ్య గొడ్డలి నూరుతూ వంగాడు. తువ్వాలు జారింది. బోడితల మీద నల్లగా, మెత్తగా కొత్త జుట్టు దట్టంగా లేచి ఉంది. కొండమ్మ దాని మీద అరచెయ్యి పెట్టి అటూ ఇటూ నిమిరింది.

"ఏంది?" అన్నాడు.

"నీ వేరు మంచిగుంది" అంది కొండమ్మ.